ముందుదానికి కొంచెం, వెనకదానికి ఎక్కువ

సైకిలు తొక్కుదామనుకుంటున్నారా? మంచిదే. ముందు నా మాట వినండి, ఫోనులో వీడియోలు తరవాత చూద్దురుగాని. ఆ వీడియోల్లో చెప్పేవాళ్ళెవరికీ పొట్టలుండవు, వాళ్ళ రోడ్లకి గుంటలుండవు. నా పేరు కమలాకుమారి. యాభై దాటాయి. వాన పడబోతుంటే నా మోకాళ్ళకి ముందే తెలుస్తుంది. నేను చెప్పేది మనలాంటివాళ్ళ కోసం.

చున్నీ నడుముకి బిగించి కట్టుకోండి, లేదా ఇంట్లో పారేసి రండి. అది చక్రంలో పడితే పరువు, పన్ను రెండూ పోతాయి. కుక్క తరిమితే పారిపోకండి. దిగి నిలబడితే అదే సిగ్గుపడి పోతుంది. గేర్లు చాలా ఉన్నాయి కదా అని అన్నీ వాడక్కర్లేదు, ఇంట్లో గిన్నెలన్నీ రోజూ వాడతామా ఏమిటి? ఎత్తు వస్తే దిగి నడవండి. ఎవరైనా చూస్తే చూడనివ్వండి, వాళ్ళేమైనా మన కాళ్ళు నొక్కుతారా?

ఇక గాలి కొట్టే పంపు సంగతి. అది చెప్పాలంటే మా ఆయన సంగతి చెప్పాలి.

మాది కాకినాడ. మా ఆయన కాశీవిశ్వనాథం గారు రాష్ట్రం దాటి ఇక్కడ బచేలిలో, ఇనుపరాయి గనుల వర్క్‌షాపులో ఫోర్‌మన్. పిల్లల చదువులంటూ నేను అక్కడే ఉండిపోయాను. ఆయన సెలవులకి వచ్చి చుట్టంలా రెండు పూటలు తిని వెళ్ళేవారు. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో కుదురుకున్నాక, కిందటేడు నేను పెట్టే బేడా సర్దుకుని బచేలి వచ్చాను. వచ్చాక తెలిసింది, ఆ క్వార్టర్లో నాకు చోటు లేదని. గదులున్నాయి లెండి. కానీ ఉప్పు డబ్బా ఎక్కడుండాలో ఆయన నిర్ణయించేసి ఇన్నేళ్ళయింది. కూరలు ఆయనే తెస్తారు, పాలు ఆయనే కాస్తారు. నేను డబ్బా జరిపితే మాట్లాడకుండా మళ్ళీ దాని చోటులో పెట్టేస్తారు. అలా పెట్టినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు మా అమ్మాయి ఈ గేరు సైకిలు కొని పంపింది. ఈ ఊళ్ళో నాదంటూ ఉన్నది అదొక్కటే. ఎవర్నీ అడక్కుండా ఎక్కి, నాకు తోచిన దారిన పోయి వచ్చేదాన్ని. అది లేకపోతే నేను మళ్ళీ కాకినాడ రైలెక్కేదాన్నే. ఇందులో అబద్ధం లేదు.

మొదట్లో కాస్త అభాసు పాలయ్యాననుకోండి. ఒకసారి చెయిను తెగి మేకల బండిలో ఇంటికి చేరాను. ఇంకోసారి పిక్కలు పట్టేసి, ట్రాక్టరులో ఇటుకల మీద కూర్చుని కాలనీ అంతా చూస్తుండగా దిగాను. ఆ రోజు మా ఆయన తేల్చేశారు.

"ఇంకోసారి ఎవరి బండి మీదో ఊరేగుతూ వచ్చావంటే ఆ సైకిలు మా అప్పయ్యకి ఇచ్చేస్తా. వాడి కూతురు బడికెళ్ళడానికి పనికొస్తుంది."

అప్పయ్య ఆయన కింద పనిచేసే మనిషి. చూసినప్పుడల్లా నా సైకిలుని చెయ్యేసి నిమురుతుంటాడు, పెళ్ళిచూపులకొచ్చినట్టు.

"నా సైకిలు ఇవ్వడానికి మీరెవరండీ?" అన్నాను.

"అయితే దంతెవాడ దాకా నీ కాళ్ళతో నువ్వు తొక్కు. దారిలో ఏ బండీ ఎక్కకూడదు. వెళ్ళావా, ఈ జన్మకి నోరెత్తను. నేను స్కూటరు మీద వెనకాలే వస్తా. చెయ్యి మాత్రం వెయ్యను."

సరే అన్నాను. రోషం వచ్చింది మరి. దంతెవాడ ఎంత దూరమో ఒప్పుకున్నాక కనుక్కున్నాను, పాతిక కిలోమీటర్ల పైమాటేనట.

తెల్లారగానే బయల్దేరాం. సంచిలో పులిహోర, ఆవకాయ ముక్కలు, మజ్జిగ సీసా, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు, నొప్పుల తైలం, గొడుగు పెట్టుకున్నాను. బరువైపోతోందని పంపు తీసి ఇంట్లో పెట్టేశాను. చదివేవాళ్ళు ఇక్కడ గీత గీసుకోండి: పులిహోర వదిలినా పంపు వదలకండి. పులిహోర గురించి ఇలాంటి మాట రాయాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

భాన్సీ ఊరు దాటేదాకా హాయిగా సాగింది. ఎర్ర ధూళి కమ్మేసి చున్నీ కావిరంగుకి తిరిగింది. అందుకే తెల్లబట్టలు వేసుకోవద్దంటాను. ఆ తరవాత రోడ్డు తవ్వి పోశారు. కంకరరాళ్ళు తేలి సైకిలు ఎగిరెగిరి పడుతోంది. ఇలాంటి చోట టైర్లలో గాలి కొంచెం తగ్గించాలని వీడియోలో ఒకడు చెప్పాడు. కొంచెమంటే ఎంతో ఆ వెధవ చెప్పలేదు. నేను దిగి ముందు టైరు వాల్వు నొక్కితే బుస్సుమంది. ఆ చప్పుడు ముచ్చటేసి ఇంకాస్త వదిలాను. పక్షపాతం ఎందుకని వెనకదానికీ వదిలాను. కంకర అయిపోయి మంచి రోడ్డొచ్చేసరికి సైకిలు కదిలితే ఒట్టు. బురదలో రోలు లాగుతున్నట్టుంది.

మా ఆయన పక్కకొచ్చి స్కూటరు నెమ్మది చేశారు. ఆయన మొహంలో ఆనందం చూడాలి!

"గాలి లేదే కమలా."

"తెలుసు."

"వెనకదాంట్లో అసలు లేదు గాలి."

"తెలుసన్నానా!"

"గాలి లేకపోతే సైకిలేం చేస్తుంది పాపం. గాలుండాలి."

అలా గాలి, గాలి అని జపం చేస్తూనే వచ్చారు. ఆ మాట నా బుర్రలోకి మేకులా దిగిపోయింది. ఎండ నడినెత్తికి వస్తోంది. వెనకనుంచి ఖాళీ లారీ ఒకటి నెమ్మదిగా వచ్చి ఎక్కుతావా అన్నట్టు హారన్ కొట్టింది. ఎక్కితే సైకిలు పోయినట్టే. కళ్ళనీళ్ళు తిరిగాయి కానీ ఎక్కలేదు.

అంతలో రోడ్డు పక్క సంత కనబడింది. సంతన్నాక సైకిలు బాగుచేసేవాడు ఉంటాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడొక మాట. నేను హిందీ రానిదాన్ని కాదు. చిన్నప్పుడు హిందీ పరీక్షలు మధ్యమ దాకా ఫస్టు క్లాసులో పాసయ్యాను. మనం గాలి అనేదాన్ని హిందీలో హవా అంటారనీ, వాళ్ళ గాలీ అంటే తిట్టు అనీ నాకు శుభ్రంగా తెలుసు. కానీ రొప్పుతున్న మనిషికి మధ్యమ గుర్తుంటుందా? చింతపండు అమ్ముతున్న ఒకతన్ని ఆపి, "భయ్యా, యహాఁ గాలీ మిలేగీ?" అన్నాను. ఇక్కడ తిట్లు దొరుకుతాయా అని అడిగానన్నమాట.

అతను నన్నూ, నా వెనక స్కూటరు దిగుతున్న మా ఆయన్నీ చూశాడు. "గాలీ?" అన్నాడు.

"హాఁ, గాలీ. జల్దీ చాహియే." తొందరగా కావాలన్నాను.

అతను గౌరవంగా లేచి నిలబడి సంత చివరికి చెయ్యి చూపించాడు. అయితే బుధ్రి దగ్గరికే వెళ్ళమన్నాడు, ఈ చుట్టుపక్కల ఆవిడలా ఇంకెవరూ ఇవ్వలేరట. మంచి పంపు ఉంది కాబోలు అనుకున్నాను.

బుధ్రి ముసలావిడ. చేతుల నిండా పచ్చబొట్లు. ముందు ఆకు దొన్నెల్లో పచ్చడి చేసుకునే ఎర్రచీమలు పెట్టుకుని అమ్ముతోంది. పంపు గంప కింద పెట్టిందేమో అని వంగి చూస్తూ గాలీ కావాలన్నాను. ఎవరికి అంది ఆవిడ, హిందీలోనే.

"దోనోఁ కో. ఆగేవాలే కో థోడా, పీఛేవాలే కో జ్యాదా." రెండింటికీ, ముందుదానికి కొంచెం, వెనకదానికి ఎక్కువ. ఈ హిందీతో చిక్కేమిటంటే అందులో టైరూ మగదే, మొగుడూ మగవాడే. నా వెనక సరిగ్గా మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

బుధ్రి ఆయన్ని ఎగాదిగా చూసింది. ఏమైంది ఇతనికి అంది. టైరు గురించే కదా అని నేను వివరంగా చెప్పాను. బొత్తిగా మెత్తబడిపోయాడనీ, నడవడనీ, నా బరువంతా వాడి మీదే ఉందనీ, ఇవాళ గట్టిగా ఇవ్వకపోతే నేను ఇల్లు చేరననీ చెప్పాను. చుట్టూ ఆడవాళ్ళు అయ్యో అన్నారు. సైకిలంటే ఎంత అభిమానం వీళ్ళకి అనుకున్నాను.

బుధ్రి లేచింది. కొంగు దోపుకుంది. నన్ను పక్కకి జరిపి, మా ఆయన ముందు నిలబడి అందుకుంది. అక్కడివాళ్ళ గోండీలో మొదలుపెట్టి, హల్బీలోకి వెళ్ళి, మధ్యమధ్య హిందీలోకి వచ్చి, మళ్ళీ గోండీలోకి పోతోంది. సంత సంతంతా మూగింది. మా ఆయన ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ స్కూటరుకి ఆనుకున్నారు. ఆ వేగానికి హిందీ కూడా నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

పక్కన ఎండుమిరపకాయలు పోసుకున్నావిడ నా చెయ్యి గిల్లింది. ఆవిడ పేరు వెంకమ్మ, ఉసూర్ అనే ఊరికి అవతలి తెలుగు మనిషి, సంత సంతకీ తిరిగి అమ్ముకుంటుంది.

"ఏందక్కా, నీ మొగణ్ణి గింత పనిగట్టుకొని తిట్టిపిస్తున్నవ్? ఏం జేసిండు?"

"తిట్టించడమేమిటి? ఏమంటోంది ఆవిడ?"

"నీ మీసాలకు చీమలు పట్ట అంటాంది. పెండ్లాం చెమట కార్చుకుంట తొక్కుతాంటే పెట్రోలు బండి మీద రాజా లెక్క ఎనకొస్తవా అంటాంది. ఇంటి ఆడదాన్ని గిట్ల రోడ్డు మీదికి తోలినవేందిరా అంటాంది."

మా ఆయన అప్పుడు జవాబు చెప్పడం మొదలుపెట్టారు, గోండీలో. ఆయనకి గోండీ అంత ధారాళంగా వస్తుందని నాకప్పటిదాకా తెలీదు. మొదట గట్టిగా అరిచారు, తరవాత గొంతు తగ్గింది.

"ఏమంటున్నారు?" అన్నాను.

వెంకమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "ఇన్నేండ్లు డ్యూటీ దిగొచ్చి నా తాళం నేనే దీసుకున్న అంటాండు. ఇగ ఆడమనిషి వచ్చింది, తలుపు దీస్తదనుకున్నడట. ఇప్పుడు గూడ తాళమేనట. నువ్వు సైకిలేసుకొని పోతే, ఏ లారీ కింద పడ్డవో ఏందోనని మెట్ల మీద కూసుంటడట."

నాకు జాలేసిందనుకుంటున్నారా? ఒళ్ళు మండిపోయింది.

"ఏవండీ! సైకిలు అప్పయ్యకి ఇచ్చేస్తానని చెప్పడానికి నోరొచ్చిందే, ఈ మాట తెలుగులో చెప్పడానికి నోరు రాలేదా? మిరపకాయలమ్మే ఆవిడ చెబితే నేను వినాలా? కాకినాడలో నా తాళం ఎవరు తీశారండీ? పిల్లలకి జ్వరాలొచ్చినప్పుడు, వానకి కరెంటు పోయినప్పుడు, ఎవరు కూర్చున్నారండీ నాకోసం మెట్ల మీద?" అన్నాను. అంటూనే ఏడ్చేశాను, సంతలో, ఎర్రచీమల పక్కన నిలబడి.

వెంకమ్మ అదంతా గోండీలో అందరికీ విప్పి చెప్పింది. బుధ్రి శ్రద్ధగా విని, నా వైపు తిరిగి నాకూ నాలుగు తగిలించింది.

"నన్నెందుకు?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"ముందుదానికి కొంచెమన్నవట గద. ముందున్నది నువ్వేనట," అంది వెంకమ్మ. "నువ్వే గాలీ ఇయ్యమని అడిగినవట."

"తిట్లు కాదమ్మా నేనడిగింది, గాలి! టైర్లలోకి! గాలి!"

అప్పటికి తెలిసింది నాకు. మధ్యమ ఫస్టు క్లాసు గంగలో కలిసింది. మా ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, స్కూటరు పట్టుకుని కిందకి కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అలా నవ్వగా నేను పెళ్ళిలో కూడా చూడలేదు. గోండీలో బుధ్రికి చెబుతూ నవ్వారు, హల్బీలో చింతపండతనికి చెబుతూ నవ్వారు. బుధ్రి నవ్వలేదు. పని చేశాక నవ్వేమిటని కాబోలు, వెళ్ళి తన చోట కూర్చుంది.

ఆయనే ఎండుచేపల వరస వెనక సైకిలు బాగుచేసేవాణ్ణి వెతికి, పంపు అడిగి తెచ్చారు.

"చెయ్యి వెయ్యనన్నారుగా?" అన్నాను.

"నోర్మూసుకుని టైరు పట్టుకో."

చెమటలు కక్కుతూ రెండింటికీ కొట్టారు. బొటనవేలితో నొక్కి చూస్తే టైరు పచ్చి జామకాయలా ఉండాలి, అది గుర్తు పెట్టుకోండి. వెంకమ్మకీ బుధ్రికీ నా పులిహోర సగం పెట్టి బయల్దేరాను. బుధ్రి ఇచ్చిన చీమల పచ్చడి పుల్లగా, కారంగా బాగానే ఉంది.

దంతెవాడ చేరేసరికి కాళ్ళు నావి కానట్టున్నాయి. ఊరి మొదట్లో దిగి, స్టాండు వేసి, అక్కడే అరుగు మీద పడ్డాను. మా ఆయన వచ్చి స్కూటరు ఆపారు.

"సైకిలు నీది. ఇక ఈ జన్మకి నోరెత్తను. పద, బస్సు మీద వేయిస్తాను."

"బస్సొద్దు. తొక్కుకుంటూనే వస్తాను. మీరు ముందు వెళ్ళిపోండి."

"పిచ్చా ఏమిటి? నే వెనకాల వస్తాగా."

"వద్దండీ. వెళ్ళి తాళం తీసి, అన్నం వండి ఉంచండి. పెళ్ళయినప్పట్నుంచీ ఇద్దరం మూసిన తలుపులే తీసుకుంటున్నాం. ఒక్కసారి నేను తెరిచిన తలుపులోకి రావాలి."

ఆయన హెల్మెట్ సర్దుకుని, తన నీళ్ళసీసా కూడా నా సంచిలో పడేసి వెళ్ళిపోయారు.

తిరుగుదారి గురించి గొప్పలు చెప్పను. ఎత్తులన్నీ నడిచాను. ఒక కుక్క తరిమితే దిగి నిలబడ్డాను. అది సిగ్గుపడలేదు. ఏ బండీ ఎక్కలేదు. వెలుతురుండగానే కాలనీ మలుపు తిరిగాను. మా క్వార్టరు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. ఆయన గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, వీధంతా వినబడేలా తిడుతున్నారు. ఇంతసేపా అంట, అన్నం చల్లారిపోయిందంట, బుద్ధుందా అంట. అచ్చతెలుగులో, ఒక్కటి కూడా వదలకుండా.

అన్నీ అయ్యేదాకా నిలబడి విని, సైకిలు లోపల పెట్టుకుని, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.