ఇక్కడ పుట్టిన పిల్ల

మా వదిన ఇంట్లో ఉండేది ఇద్దరే అయినా పొద్దున్నే మడిచిపెట్టే పక్కలు మాత్రం మూడని దర్జీ భార్య చెప్పిందట. చెప్పింది నాతో కాదు, పాలామెతో. పాలామె గొంతు తగ్గించి, కొలపాత్ర గాల్లోనే ఆపి నాకు చెప్పింది. మూడో దుప్పటి బాగా చిన్నదట. అప్పుడే నడక నేర్చిన పిల్లకు సరిపోయేంతట. ఎండలో ఆరేసేటప్పుడు మా వదిన మిగతా వాటిని దులుపుతుందట గాని దాన్ని దులపదట, నిమురుతుందట.

"సొంత ఆడపడుచువి. నీకు తెలీదా?" అంది పాలామె.

"మూడో పక్క నా కోసం. అప్పుడప్పుడూ వెళ్ళి పడుకుంటాను," అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పై దాకా, ఈ పక్క నుంచి ఆ పక్క దాకా చూసింది. నేను గుమ్మంలో నిలబడితే లోపల దీపం వెలుగుతోందో లేదో బయటివాళ్ళకు తెలియదు. "ఆ దుప్పటి నీ ఒక్క కాలికి చాలదమ్మా," అని పాలు పోసేసి వెళ్ళిపోయింది.

మామూలు రోజుల్లో అయితే అలాంటి మాటల్ని గిన్నెతో పాటే కడిగేసేదాన్ని. కాని ఆ వారం మా ఇంటి మాట ఊళ్ళో ఊరికే తిరగడం లేదు, పని మీద తిరుగుతోంది. మా అన్నయ్య కూతురు, నా మేనకోడలు, దేశం తరఫున రిలే పరిగెత్తే నలుగురిలోకి వచ్చింది. ఒకరు పరిగెత్తి చేతిలో కర్ర పెడితే ఇంకొకరు అందుకుని పరిగెత్తే ఆట అది. మావాళ్ళ జట్టులో చివరి పరుగు మా కోడలిది. పేపర్లో ఫొటో కూడా వేశారు.

ఆ ఫొటోయే కొంప ముంచింది. మా అన్నయ్యా వదినా ఒకప్పుడు పరాయి దేశంలో చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేశారు. అప్పట్లో అక్కడే పనిచేసిన వెల్డరొకడు ఈ మధ్యనే తిరిగొచ్చాడు. సెలూన్లో బుగ్గల నిండా నురగతో కూర్చుని పేపరు చూసి, "వీళ్ళ పిల్లా? పాపం, పెద్దపిల్ల అక్కడే పోయింది కదా. ఇది రెండోది, అక్కడే పుట్టింది," అన్నాడు. పక్క కుర్చీలో ఉన్నది ఇనుప సామాన్ల కొట్టాయన. ఆయన కూతురు ఐదోదై జట్టులోకి రాకుండా మిగిలిపోయింది. ఆయన సగం గడ్డంతోనే లేచి ఆటల సంఘానికి ఫిర్యాదు ఇవ్వడానికి పరిగెత్తాడంటారు. సగం గడ్డం మాట మాత్రం నేను నమ్మను. గడ్డం చేయించుకునే వెళ్ళుంటాడు, మనిషి జాగ్రత్తపరుడు.

మాకు తెలిసింది ఒక్క పిల్లే. ఇక్కడే పుట్టింది, అమ్మ చంకెక్కి వెళ్ళింది, నాలుగైదేళ్ళకు నాన్న వేలు పట్టుకుని నడిచి వచ్చింది. వయసుకు తగ్గట్టు ఎదగలేదేమిటని మా అమ్మ అడిగితే, అక్కడి చలి అలాంటిదని అన్నయ్య అన్నాడు. అన్నయ్య ఇప్పుడు లేడు. ఉన్నన్నాళ్ళూ అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

సంఘం కార్యదర్శి తనే వచ్చాడు. వదినది ఒక్క గది, వెనక చిన్న వంటిల్లు. ట్రంకు పెట్టె మీద మడిచిన పక్కలు. మేకుకి వేలాడుతున్న మేకుల బూట్లు. ఆయన స్టూలు మీద మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. కసురుకునే మనిషి కాదు. అదే నన్ను భయపెట్టింది.

"చూడమ్మా, పుట్టింది ఎక్కడైనా ఆటకి అడ్డం కాదు," అన్నాడు వదినతో. "తల్లిదండ్రులు మనవాళ్ళై, పిల్ల మన దగ్గర పెరిగితే మన జట్టులో పరిగెత్తొచ్చు. ఈ నలుగురిలోనే ఇంకో అమ్మాయి అలా బయట పుట్టి వచ్చిందే. కాని మీ అమ్మాయి ఇక్కడ పుట్టిందని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాం. రేపు పరుగయ్యాక కాదని తేలితే నలుగురి శ్రమా బూడిదలో పోసినట్టే. ఉన్నది ఉన్నట్టు మీ నోటితో చెప్పండి. పెద్దమ్మాయి పోయింది, ఈ అమ్మాయి అక్కడ పుట్టింది. రెండే ముక్కలు. వయసు ఓ ఏడాది తగ్గినా ఇబ్బంది లేదు."

"చెప్పకపోతే?" అన్నాను నేను.

"ఐదో అమ్మాయి పరిగెడుతుంది. సోమవారం దాకా చూస్తాను."

వదిన గోడ వారగా నిలబడి విన్నది. ఆయన తాగిన గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. వెనక తలుపు దగ్గర మా కోడలు నిలబడి ఉంది, ప్రాక్టీసు నుంచి వచ్చిన దుమ్ము కాళ్ళతో. మొత్తం వినేసింది.

"అమ్మా, పోయింది ఎవరు?" అంది.

"ఎవరూ పోలేదు. కాళ్ళు కడుక్కో," అంది వదిన.

నేనూ వదినా పనిచేసేది ఒకే లాండ్రీలో. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు. పెద్ద దుప్పట్లు ఇస్త్రీ రోలర్ లోంచి సెగలు కక్కుతూ వస్తాయి. వాటిని ఇద్దరు కలిసి మడవాలి. చెరో అంచూ పట్టుకుని లాగి, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. అందరూ అలాగే చేస్తారు, మా వదిన తప్ప. ఆమె విదిలించదు. అంచుల్ని పైకెత్తి, మధ్యలో దుప్పటి నేలకు తగలకుండా, కింద ఎవరైనా దూరి వెళ్ళేందుకు దారి వదిలినట్టుగా పట్టుకుంటుంది. ఇన్నేళ్ళూ అది భుజం నొప్పి అనుకున్నాను.

మర్నాడు కావాలనే గట్టిగా విదిలించాను.

"మెల్లగా. కింద ఉంది," అంది.

వంగి చూశాను. తడి సిమెంటు నేల, చెప్పుల అచ్చులు. ఆవిరి మెల్లగా పాకుతోంది. ఎవరూ లేరు. అయినా, చేతిలో వేడి దుప్పటి ఉండగానే వేళ్ళు చల్లబడ్డాయి.

"ఎవరు వదినా?"

ఆమె నా చేతిలోని కొసలు అందుకుంది. మడత మీద అరచెయ్యి రాసింది. తుప్పు పట్టిన తాళం కన్నా మొండిది మా వదిన నోరు. ఆ రోజు ఏమనుకుందో మరి, దుప్పటి దుప్పటికీ కాస్త కాస్తగా చెప్పింది.

"ఇది పుట్టిన వారంలోనే పెద్దదానికి జ్వరం వచ్చింది. నేను పురిటి మంచం మీద. ఒక చేత్తో దీన్ని పట్టుకుని ఇంకో చెయ్యి దాని మీద వేసి పడుకున్నాను. తెల్లారేసరికి ఈ చెయ్యి వెచ్చగా ఉంది, ఆ చెయ్యి చల్లగా ఉంది." మరో దుప్పటి లాగింది. "మీ అన్నయ్య తీసుకెళ్ళి పూడ్చాడు. నన్ను రానివ్వలేదు. నేను చూడలేదు. చూడనిది ఎలా చెప్పను, పోయిందని?"

"మరి తిరిగొచ్చేటప్పుడు?"

"చేతిలో ఉన్నది పెద్దదాని కాగితాలే. పిల్ల ఒకటే కదా, ఎవరడుగుతారన్నాడు. ఎవరూ అడగలేదు. రైల్లో మాత్రం కిటికీ పక్కన నేను ఇంకొంచెం చోటు వదిలాను. సర్దుకుని కూర్చుంది."

"ఎవరు?"

"నాకు తెలీనట్టు అడుగుతావేం," అని విసుక్కుని, ఖాళీ బండి తోసుకుంటూ రోలర్ దగ్గరికి వెళ్ళిపోయింది. మలుపులో బండిని ఓసారి ఆపి, పక్కన ఎవరో తప్పుకునేదాకా ఆగి, మళ్ళీ తోసింది.

ఆ సాయంత్రం నేను స్టేడియానికి వెళ్ళాను. మా కోడలు గొడవ ఇంకో రకం. రిలేలో అందుకునేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. ట్రాక్ మీద టేపుతో గుర్తు అంటిస్తారు. వెనక నుంచి వచ్చే పిల్ల ఆ గుర్తు దాటగానే ఇది బయలుదేరాలి. ఆమె దగ్గరికొచ్చి "చెయ్యి" అని కేక పెట్టగానే అరచెయ్యి వెనక్కి చాపాలి. కర్ర అందులో పడుతుంది. అంతా నమ్మకం మీద నడిచే వ్యవహారం.

మా కోడలు ముందే బయలుదేరిపోతోంది. వెనకపిల్ల ఇంకా ఎక్కడో ఉండగానే చెయ్యి చాపేసి, ఖాళీ గాలిని పట్టుకుని పరిగెడుతోంది.

"ఎవరు పిలిచారే నిన్ను? పెళ్ళివారా?" అని కోచ్ మేడం విజిల్ నేలకేసి కొట్టింది.

మా కోడలు వచ్చి నా పక్కన గడ్డిలో కూలబడింది. బూటు తాడు విప్పుతూ, "అత్తా, నాకు ముందే వినిపిస్తోంది," అంది.

"ఏం వినిపిస్తోంది కోడలా?"

"చెయ్యి అని. మా జట్టు పిల్ల గొంతు కాదు. చిన్న గొంతు. వెనక నుంచి, ఇక్కడి నుంచి." తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. "ఇదివరకు కూడా వినిపించేది. కాని ఆయన వచ్చి వెళ్ళినప్పటి నుంచి గట్టిగా వినిపిస్తోంది. ఈ పొద్దున చెయ్యి చాపితే ఏదో పెట్టినట్టే అనిపించింది. చూసుకుంటే ఏం లేదు, తడిగా ఉంది."

"చెమటే పిచ్చిదానా."

"చల్లగా ఉంది అత్తా."

దాని జడ సర్దాను. "అమ్మ చెబుతుందా?" అంది నా వైపు చూడకుండా. "చెప్పకపోతే ఇన్నేళ్ళు పరిగెత్తింది దండగే. చెబితే... అది ఏమైపోతుంది?"

అప్పటికే దానికి అర్థమైపోయిందన్నమాట.

ఆదివారం వదినని బలవంతాన తీసుకెళ్ళాను. కూతురు ఇన్నేళ్ళుగా పరిగెడుతున్నా ఆవిడ ఏనాడూ ఆ గేటు దాటలేదు. కంచె దగ్గర నిలబడి ఇనుప వల సందుల్లో వేళ్ళు దూర్చి చూసింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. కాళ్ళ కింద నుంచి నీడలు పొడుగ్గా లేచి వాళ్ళతో పాటే పరిగెడుతున్నాయి. మా కోడలు మళ్ళీ ముందే బయలుదేరింది. మళ్ళీ ఖాళీ చెయ్యి. మళ్ళీ విజిల్. మళ్ళీ మొదటికి. వదిన చూపు మాత్రం కూతురి మీద లేదు. దానికి కాస్త వెనగ్గా, కాస్త కిందగా, ట్రాక్ మీద ఏమీ లేని చోట ఉంది. అక్కడి నుంచి కదలలేదు.

"ఎలా రొప్పుతోందో చూడు," అంది.

"పరుగంటే అంతే వదినా. అలవాటే దానికి."

"దీని గురించి కాదు నేనంటున్నది." ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది, తన మీద తనకే. "ఇంతింత చిట్టి కాళ్ళు. దీంతో సమానంగా ఎక్కడ పరిగెడుతుంది? ఆగితే వదిలేసి పోతామేమోనని భయం. నేనే కదా రమ్మన్నాను. రా, రా అని ఇంత దూరం లాక్కొచ్చాను. ఒక్కసారైనా కూర్చోమనలేదు."

వల సందుల్లోంచి వేళ్ళు తీసుకుంది. వాటి మీద ఎర్రటి గీతలు పడ్డాయి.

"రేపు వస్తానని ఆయనకి చెప్పు," అంది.

సోమవారం సంఘం గదిలో మేం ఐదుగురం. కార్యదర్శి, కోచ్ మేడం, వదిన, నేను, కోడలు. గోడ బీరువాలో కప్పులు, వాటి మీద దుమ్ము. ఒక మూల చిరిగిన వాలీబాల్ నెట్. పాత బూట్ల రబ్బరు వాసన. అందరం లోపలికి వచ్చాక కూడా వదిన గుమ్మం దగ్గర తలుపు తెరిచి పట్టుకుని ఆగింది. తర్వాత ఎందుకో తల అడ్డంగా ఊపింది.

"నువ్వు అక్కడే కూర్చో," అంది మెల్లగా, వరండాలోని బెంచీ వైపు చూసి. అంటూనే లోపలికి వచ్చి, నాతో, "తలుపు వేసెయ్," అంది.

వేశాను. గడియ పడే చప్పుడుకి మా కోడలు ఉలిక్కిపడింది.

కార్యదర్శి కుర్చీ చూపించాడు. వదిన కూర్చోలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

"పెద్దది అక్కడే పోయింది," అంది. "జ్వరం వచ్చి పోయింది. ఇది అక్కడే పుట్టింది, దానికన్నా ఏడాది చిన్నది. నా కడుపునే పుట్టింది, మా ఆయన బిడ్డే. ఎక్కడైనా చెబుతాను, ఎవరి ముందైనా చెబుతాను."

వరండాలో చిన్నగా ఏదో కదిలిన చప్పుడు. ఆ గదిలో ఎవరూ తల తిప్పలేదు. నేనైతే తిప్పలేకపోయాను. మా కోడలు ఒక అరచెయ్యి ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి వదులు చేసింది. అరచేతిలోకి ఏమీ రాకపోవడం చూసి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కోచ్ మేడం దాని వీపు మీద చెయ్యి వేసింది. "ఇంక నువ్వు కుదురుగా నిలబడు, చాలు. గుర్తు దాటేదాకా కదిలావో, కాళ్ళు విరగ్గొడతాను," అంది. ఆ మాటతో గదిలో కాస్త గాలి ఆడినట్టయింది.

కార్యదర్శి కూడా బరువు దించుకున్నవాడిలా వెనక్కి వాలాడు. "అంతేనమ్మా, నాకు కావలసింది ఇంతే. అమ్మాయి పరిగెడుతుంది, ఏ అడ్డూ లేదు," అన్నాడు. జేబులోంచి కలం తీసి మూత విప్పాడు. "ఇన్నాళ్ళూ రాసింది పెద్దమ్మాయి పేరు కదా, అది కొట్టేస్తున్నాను. మరి, ఈ అమ్మాయి పేరు చెప్పండి."

మా వదిన కూతురి ముఖంలోకి చూసింది. పక్కకి కాదు, వెనక్కి కాదు, సూటిగా దాని ముఖంలోకి.

"దీనికి మేం పేరు పెట్టలేదు," అంది.