ఈశాన్యంలో పసిఫిక్

శ్రీపతి అంకుల్ ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని బాల్కనీ అంతా తిరుగుతున్నాడు. సిడ్నీ ఉత్తర తీరంలో, అలలకు ఆనుకుని ఉన్న ఇల్లు. ఇంకాసేపట్లో ఆ ఇంటి వేలం.

"చూశావా మంగతాయారూ, ఈశాన్యంలో నీళ్ళు! స్కోఫీల్డ్స్ శివారులో మనవాళ్ళు ఓ మూల ఫౌంటెన్ పెట్టుకుని మురిసిపోతారు. మనకి ఏకంగా పసిఫిక్కే!"

ఆంటీ నా వైపు తిరిగింది. "సింధుజా, కౌన్సిల్‌లో తీరం కోత చూసే ఇంజనీరువి నువ్వే కదమ్మా. కొనొచ్చంటావా?"

యూనివర్సిటీలో చేరిన కొత్తల్లో సిడ్నీ శివారు గిరావీన్‌లో వాళ్ళింట్లోనే అద్దెకు ఉండేదాన్ని. ఉప్పాడలో మా ఇల్లు సముద్రంలో కలిసిపోయిన రోజు నాన్న వీడియో కాల్ చేసి, మిగిలిన గోడ చూపించాడు. అంకుల్ నా భుజం మీంచి తొంగి చూసి, ఇంటికొచ్చిన స్నేహితులతో అన్నాడు: "సముద్రం నోట్లో కొంప కట్టుకుని ఇప్పుడేడిస్తే ఏం లాభం? చదువు లేని జనం." అందరూ నవ్వారు. నాన్న విన్నాడు. "ఉంటానమ్మా" అని పెట్టేశాడు. మళ్ళీ ఎప్పుడూ నాకు వీడియో కాల్ చేయలేదు.

అందుకే "బ్రహ్మాండంగా ఉంది, కొనండి" అని అబద్ధం చెప్పాలనే ఇక్కడికి వచ్చాను. కానీ అంకుల్ ముఖం చూశాక అబద్ధంతో పని లేదనిపించింది. నా నోటి నుంచి వచ్చే నిజాన్ని ఆయన ఎలాగూ నమ్మడు.

"వద్దు అంకుల్. కింద ఇసుక జారిపోతోంది. పెద్ద తుఫానొస్తే ఈ బాల్కనీ ఉండదు. ఇన్సూరెన్స్ కూడా ఇవ్వరు."

"ఎందుకు పోతుందట?"

"మీరు పనిచేసే కంపెనీ ఓడలకెత్తే బొగ్గు ఎక్కడో మండుతుంది కదా. ఆ వేడి చాలావరకు సముద్రమే తాగుతుంది. వేడెక్కిన నీళ్ళు ఉబ్బుతాయి. పైగా మంచు కరిగి తోడవుతుంది. ఇక్కడా మట్టం పెరుగుతోంది, ఉప్పాడలోనూ పెరుగుతోంది."

"ఇదిగో, మొదలెట్టింది! ఇది ఆస్ట్రేలియా అమ్మాయ్, మీ ఉప్పాడ కాదు. మీ ఇల్లు పోయిందని అందరిళ్ళూ పోవాలా?"

"ఏవండీ, చదువుకున్న పిల్ల చెబుతోంది," అంటూ ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుంది.

"కుళ్ళే దానికి. నువ్వూరుకో."

వేలం మొదలైంది. అంకుల్ ప్రతి పాటకీ చెయ్యెత్తాడు. చివరికి ఒక చైనా జంట తల అడ్డంగా ఊపి తప్పుకుంది. వేలం పాడేవాడు సుత్తి ఎత్తి, ఇంకెవరైనా ఉన్నారా అని చుట్టూ చూశాడు.

అప్పుడు అంకుల్ నా వైపు చూశాడు. మొదటిసారి ఆ కళ్ళలో నమ్మకం సడలింది. నేను ఇంకొక్క మాట అంటే చాలు, "ఆగండి" అనేవాడే. ఆ మాట నా పెదవుల దాకా వచ్చింది కూడా. చెప్పాల్సింది ఒకసారి చెప్పేశాను కదా అనుకున్నాను. ఆయన కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాను.

సుత్తి పడింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఆంటీ ఇంటి వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. నా చేతుల వైపే చూస్తోంది.