లివరు మీది చెయ్యి

మధ్యాహ్నం కాకముందే వీధులు ఊడ్చే యంత్రం మళ్ళీ ఊపిరి బిగబట్టింది. కూరల బజారు వెనక వీధిలో తడి ఆకులు, గోనె పీచు, ఎవరో పారేసిన పరుపులోని దూది కలిసి చెత్త పీల్చే గొట్టానికి అడ్డం పడ్డాయి. రెండు గుండ్రటి బ్రష్షులు మాత్రం తమకేం పట్టనట్టు తిరుగుతూ, లోపలికి పోని చెత్తని వీధి ఈ వారనుంచి ఆ వారకి నెడుతున్నాయి. డ్రైవర్ విసుక్కుంటూ బండిని యార్డు దారి పట్టించాడు. అతని పక్క సీట్లో చేతిసంచి ఉంది. లివరక్క వెనక మెట్టు మీద నిలబడి వచ్చింది.

ఆ సీటు ఒకప్పుడు ఆమెదే. జట్టులో పొడుగాయన కాలు పోయిన దగ్గర్నుంచి అక్కడ సంచి కూర్చుంటోంది. తియ్యమని ఆమె అడగలేదు. తీస్తానని అతను అనలేదు.

లివరక్క అన్నది జట్టు వాళ్ళు పెట్టిన పేరు. ఆ బండి వెనక చెత్త నిండే ఇనుప పెట్టె ఉంటుంది. లివరు లాగితే పైపుల్లో నూనె ఒత్తిడికి అది పైకి లేస్తుంది. గొట్టం మూసుకుపోయినప్పుడల్లా పెట్టెని ఎత్తి, ఒకరు దాని కిందకి దూరి బురద గీకాలి. ఎత్తిన పెట్టె కింద పడకుండా ఉండటానికి మొదట్లో లావుపాటి ఆసరా కడ్డీ ఒకటి ఉండేది. దాన్ని బిగించి మళ్ళీ ఊడదీసే సేపట్లో ఇంకో వీధి అయిపోతుందని మేస్త్రీ పక్కన పడేయించాడు. తర్వాత అది పాత ఇనుములో కలిసిపోయింది. కడ్డీ పోయిన చోటికి లివరు పట్టుకునే మనిషిగా ఆమె వచ్చింది. కిందకి దూరేవాళ్ళు "పట్టుకున్నావా అక్కా" అని అడగాలి. ఆమె "పట్టుకున్నా" అనాలి. అప్పుడే లోపలికి వంగుతారు.

ఎవరూ తెలియక లివరుని కదపకుండా చూడటం, అసలు ఆ పని అంతవరకే. కాని ఏళ్ళు గడిచేసరికి పెట్టెని పైన ఆపుతున్నది అక్క చెయ్యేనని జట్టంతా నమ్మింది. అందరికన్నా ముందు ఆమే నమ్మింది. "ఇంకొకరి చేతి కిందకి నేను దూరనమ్మా" అని పొడుగాయన అంటే, ఆ మాటని గదికి తీసుకెళ్ళి ఒంటరిగా తినే ముద్దలో కలుపుకునేది.

పెట్టె పడిన రోజున కూడా ఆమె పట్టుకునే ఉంది. పని ముగించి పొడుగాయన బయటికి వస్తున్నాడు. వేడి నూనె చీరలా విచ్చుకుని ఆమె భుజం మీద పడింది. చేతిలో లివరు వెంట్రుకవాసి కదల్లేదు. పెట్టె మాత్రం అతని కాలి మీదికి దిగిపోయింది.

"చెయ్యి జారింది," అన్నాడు మేస్త్రీ, విచారణకి వచ్చినవాళ్ళతో. పగిలిన పైపు అప్పటికే మారిపోయింది. జట్టు కూడా ఆ మాటనే అందుకుంది. అందులో వాళ్ళకో ఊరట ఉంది. చెయ్యి జారిందనుకుంటే రేపు ఇంకో గట్టి చెయ్యి దొరుకుతుంది. జారలేదనుకుంటే, ఇన్నేళ్ళూ దేన్ని నమ్మి తలలు పెట్టినట్టు?

ఆమెతో ఎవరూ పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. టీ తెచ్చేవాళ్ళు చేతికివ్వకుండా గోడ మీద పెట్టి వెళ్ళేవారు. గదికి వెళ్ళాక ఆమె తలుపు గడియ పట్టుకుని నిలబడేది. ఏమరుపాటున వేళ్ళు వాటంతటవే వదులవుతాయేమోనని చూసుకునేది. వేలి కణుపులు తెల్లబడేవిగాని వదులయ్యేవి కావు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఆ గదిలో ఇంకో మనిషి లేదు.

ఆమె చేతి కింద పనిచెయ్యమని మగవాళ్ళు మొరాయించారు. పొడుగాయన బదులు పనిలోకి వచ్చిన అతని భార్యకి మొరాయించే వీలు లేదు. వచ్చి వారమైనా కాలేదు. గీకే పని ఆమెకి పడింది.

యార్డులో మేస్త్రీ ఎదురొచ్చాడు. "తొందరగా కానివ్వండి. సాయంత్రానికి బజారు అద్దంలా ఉండాలి. పెద్దవాళ్ళు వస్తున్నారు."

"పెద్దవాళ్ళు కారు దిగరు కదండీ," అన్నాడు డ్రైవర్. "కార్లోంచి చూస్తే అన్నీ అద్దాలే."

లివరక్క పెట్టెని ఎత్తింది. ఈ పక్క కొత్త పైపు నల్లగా మెరుస్తోంది. ఆ పక్కది పాతదే. దాని మడతలో తడి కనిపించింది. వేలితో తడమలేదు. సన్నటి చిల్లులోంచి వచ్చే నూనె సూదిలా చర్మంలో దిగుతుందని మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. అట్టముక్క ఒకటి వెతికి పైపు వెంట నడిపింది. అట్ట మీద నూనె మరక పరుచుకుంది.

"మేస్త్రీగారూ, ఈ పైపుకి చెమట పడుతోంది."

"ఎండకి నాకూ పడుతోంది. నన్ను కూడా మార్చేస్తావా?"

అటూ ఇటూ నిలబడ్డవాళ్ళు కిసుక్కుమన్నారు. పొడుగాయన భార్య నవ్వలేదు. కొంగు బిగించి, గీకుడు చెక్క తీసుకుని పెట్టె దగ్గరకొచ్చింది. మొగుడికి అన్నం తెచ్చే రోజుల్లో "వదినా, మీరూ రెండు ముద్దలు తినండి" అని బలవంతపెట్టేది ఈ మనిషే. ఇప్పుడు ముఖం చూడకుండా అంది.

"ఈసారైనా గట్టిగా పట్టుకో."

లివరక్క చెయ్యి లివరు మీదే ఉంది. మాట నాలుక చివరే ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు. ఇవాళ పెట్టె పడకపోవచ్చు, రేపు కూడా పడకపోవచ్చు. నాలుగు రోజులు ఇలాగే గడిస్తే అక్క చెయ్యి మళ్ళీ కుదురుకుందంటారు. సీటు మీది సంచి కిందకి దిగుతుంది. టీ చేతికొస్తుంది. ఆమెకి కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

"పట్టుకోను," అంది.

"ఏంటీ?"

"పట్టుకోను. నువ్వు దూరకు. ఇవతలికి రా." మెల్లగా పెట్టెని కిందకి దించి, లివరు వదిలేసింది. "నా చెయ్యి దీన్ని ఆపదు. ఆ రోజు కూడా ఆపలేదు."

మేస్త్రీ రెండు చేతులూ చాపాడు. "విన్నారుగా. తన నోటితోనే ఒప్పుకుంది."

"ఒప్పుకోవడం కాదండి. ఎవరి చెయ్యీ ఆపదు. పైపు తెగితే లివరు పట్టుకున్నా ఒకటే, ఈ గోడ పట్టుకున్నా ఒకటే. కడ్డీ తెప్పించండి, బిగించాక ఎత్తుతాను."

"కడ్డీ వచ్చేదాకా బజారు ఎవరు ఊడుస్తారు? మీ తాతా?" అన్నాడు మేస్త్రీ. "పని చెయ్యనివాళ్ళకి ఇక్కడ కూలి లేదు. ఇంటికి పో."

ఆమె జట్టు వైపు చూసింది. ఒకడు నేల చూశాడు, ఒకడు చెప్పు సరిచేసుకున్నాడు. ఆమె చేతులు తుడుచుకుని గోడ పక్కకి పోయి నిలబడింది. ఇంటికి మాత్రం పోలేదు. పోతే అక్కడున్నది ఆ తలుపు గడియే.

"నువ్వు రావయ్యా," అన్నాడు మేస్త్రీ డ్రైవర్‌తో. "నీ చెయ్యి గట్టిదేగా."

డ్రైవర్ వచ్చి పెట్టెని ఎత్తాడు. పొడుగాయన భార్య గీకుడు చెక్కతో ముందుకి వంగి, తల పెట్టె నీడలోకి వెళ్ళకముందే ఆగింది. మేస్త్రీ ఏదో అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. తల తిప్పి డ్రైవర్‌ని చూసింది.

"అన్నా, నిజం చెప్పు. నువ్వు పట్టుకుంటే ఆగుతుందా?"

లివరు మీద డ్రైవర్ వేళ్ళు ఒకసారి విచ్చుకుని మళ్ళీ ముడుచుకున్నాయి. అతని జవాబు కోసం ఆమె అలాగే, సగం వంగి, చూస్తూ ఉండిపోయింది.