గడ్డమాయన నాణేలు

దుబ్రోవ్నిక్ తూర్పు ద్వారం బయట, మహమ్మారి లోపలికి రాకుండా కట్టిన కంచె దగ్గర, వినెగర్ తొట్టి నా ఉద్యోగం. కొండవాళ్ళిచ్చే ప్రతి నాణెమూ అందులో మునిగాకే ఊళ్ళోకి వెళ్ళాలి. వేళ్ళు పుండ్లయ్యాయి, ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఈ పీడ ఎప్పుడు వదులుతుందా అని రోజూ తిట్టుకుంటూనే వస్తాను.

ఆ సోమవారం కంచె అవతల కొండవాళ్ళమ్మాయి స్తోయా నిలబడింది. ఆమె మొగుణ్ణి, రాదుల్‌ని, కొండమీది తుర్కీ దొర బురుజులో పడేశాడు. విడిపించడానికి ఉన్నదంతా అమ్మింది. మా వ్యాపారులు కొత్త నాణేలిచ్చారు, ఆడమనిషి తల ఉన్నవి. వెండి అదే, తూకం అదే, అయినా పాత నాణేల మీది గడ్డమాయన బొమ్మ లేకపోతే ఆ దొర ముట్టడు. మా రిపబ్లిక్ పెద్దలేమో గడ్డమాయన్ని అచ్చువేయడం మానేసి ఏళ్ళయింది. ఎవరితో చెప్పుకుంటాం?

మా ఇంట్లో పొయ్యిరాయి కింద పాతవి కొన్నున్నాయి, నల్లగా మాడి. విసుక్కుంటూనే తెచ్చి మార్చిచ్చాను. పుణ్యానికేం కాదు, వెండికి వెండి.

మర్నాడు మళ్ళీ వచ్చింది. దొంగ నాణేలని బురుజు కాపలావాడు మొహాన కొట్టాడట. చూద్దును కదా, తళతళా మెరుస్తున్నాయి.

"ఏం చేశావే వీటిని?"

"వినెగర్‌తో తోమాను బాబాయ్. మీ తొట్లో మునిగితేనే కదా నాణెం మంచిదయ్యేది. మా వాళ్ళంతా అదే అంటారు."

మంచిదవడానికి కాదే తల్లీ, మీ రోగం మాకంటకుండా అని ఏ నోటితో చెప్పను? అచ్చు ఆగిపోయిన నాణెం కొత్తగా మెరిస్తే ఎవడు నమ్ముతాడు? కంచెకి అటు ఆమె, ఇటు నేను కూర్చుని మసీ గొర్రెకొవ్వూ కలిపి ఆ గడ్డాలకి పులిమాం. తొట్లో ముంచని నాణేలు ముట్టుకున్నానని తెలిస్తే నా ఉద్యోగం ఊడేది. ఊడనీ అనుకున్నాను. పొద్దుగూకే వేళకి బయల్దేరింది.

కొన్నాళ్ళ తర్వాత ఉప్పుకోసం కొండ దిగినవాళ్ళతో వచ్చింది. పక్కన మగమనిషి లేడు. నేనడగలేదు, తనే చెప్పింది. దొర నాణేలు తీసుకున్నాడు, మనిషినీ అప్పగించాడు, గొంగళిలో చుట్టి. జ్వరమట, ఆమె చేరే ముందురోజు రాత్రే పోయాడట.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు, అలిసిపోయినట్టుంది.

"మొదటిసారి పోయినప్పుడు, కాపలావాడు నాణేలు విసిరికొడుతుంటే, లోపల్నుంచి మా ఆయన నా పేరు పెట్టి పిలిచాడు బాబాయ్," అంది. "వస్తా ఉండు అని కేకేసి, ఇటొచ్చేశాను."