అరువు తెచ్చిన కప్పులు

ఇంటి పరిస్థితి చూసిపోవడానికి మధ్యాహ్నం మూడింటికి పింఛను ఆఫీసరు వస్తాడని కబురు రావడంతో ఆనర్ మల్కెరిన్ పొద్దుటినుంచి నడుం ఎత్తలేదు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఇల్లు కడిగి, గోడకి సున్నం వేసి, ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. బడిపంతులుగారి భార్య బంగారు అంచు పింగాణీ కప్పులు రెండు ఇచ్చింది. పక్కింటి సబీనా తెల్లటి బల్లగుడ్డ, గిన్నెడు వెన్న, ఉప్పులో ఊరిన పందిమాంసం ముక్క తెచ్చిపెట్టింది.

"ఇంగ్లీషోళ్ల ఆఫీసరు వచ్చినప్పుడు కోళ్లని మంచం కిందకి తోసి, చిరుగుల శాలువా కప్పుకుని కూర్చున్నావు గదా అత్తా. ఇప్పుడేంటి, పెళ్లివారికి చేసినట్టు చేస్తున్నావు?" అంది సబీనా.

"వాడు పరాయోడు. ఇతను మనోడు. మన ప్రభుత్వం పంపిన మనిషికి ఉత్త బంగాళాదుంపలు పెట్టి పంపితే నా పరువేం కావాలి?"

ఆ మాట అనే హక్కు ఆమెకుంది. ఇంగ్లీషోళ్ల మీద పోరాటం రోజుల్లో కుర్రాళ్లు ఆమె అటక మీద దాక్కున్నారు. నోటి దగ్గర కూడు తీసి వాళ్లకి పెట్టింది. జెండా మారి ఐర్లండు మనదైందన్న రోజున ఊళ్లో అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ ఆమే. ఆ కొత్త ప్రభుత్వం తొలినాళ్లలోనే వెలగబెట్టిన ఘనకార్యాల్లో ఒకటి, ముసలివాళ్ల పింఛను వారానికి పది షిల్లింగుల నుంచి తొమ్మిదికి దించడం. కొత్త సంసారం, ఇబ్బందులుంటాయి మరి, అని ఆమె దానికీ సర్దిచెప్పుకుంది.

ఆఫీసరు లావెల్ సైకిలు దిగి, టోపీ తీసి మరీ లోపలికి వచ్చాడు. మర్యాదస్తుడే. ఆమె అతన్ని పొయ్యి పక్కన మంచి కుర్చీలో కూర్చోబెట్టి, మాంసం కోసి పెట్టి, రొట్టె మీద దళసరిగా వెన్న రాసింది.

"కొండల్లో తుపాకీ పట్టుకుని మీరూ తిరిగారా బాబూ?"

"లేదు మామ్మగారూ. నేను అప్పుడూ ఈ ఆఫీసులోనే, గుమాస్తాని. ఇప్పుడు ఆఫీసర్ని."

అతను తీసిన ఫారం కూడా పాతదే. పైనున్న ఇంగ్లీషు రాజు కిరీటం బొమ్మని సిరాతో కొట్టేశారు, అంతే. లావెల్ తింటూనే ఇల్లంతా కలయజూశాడు.

"ఇవన్నీ మీవేనా?"

అరువు తెచ్చానని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అతిథి నోట్లో ముద్ద ఉండగా, ఇది మాది కాదని ఎలా అంటుంది? ఆ ఊళ్లో ఎవరూ అనరు.

"మాకేం లోటు లేదు బాబూ. కడుపునిండా తినండి."

అతను కడుపునిండా తిని, రాసుకోవలసింది రాసుకుని వెళ్లాడు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. సబీనా చదివి వినిపించింది. ఇంటి పరిస్థితి మెరుగ్గా ఉన్నట్టు విచారణలో తేలింది కాబట్టి ఇకమీదట వారానికి నాలుగు షిల్లింగులు. అంటే పిండి కొంటే టీ ఉండదు, టీ కొంటే దీపంలో నూనె ఉండదు.

"నా మాంసం తిని నీ పొట్ట మీద కొట్టాడు," అంది సబీనా. "అవి అరువువని రాద్దాం అత్తా. మళ్లీ వచ్చి చూస్తాడు."

రాశారు. నవంబరు నెల ముసురులో లావెల్ మళ్లీ వచ్చి కింది సగమే మూసి ఉన్న తలుపు బయట నిలబడ్డాడు. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆనర్ గబుక్కున లేచింది. తడుస్తున్న మనిషిని ఆ గుమ్మంలో ఆమె ఎన్నడూ నిలబెట్టలేదు. కుర్రాళ్ల కోసం ఇల్లు సోదా చెయ్యడానికి వచ్చిన పాత పోలీసుల్ని కూడా పొయ్యి దగ్గర కూర్చోమంది. పైగా పోయిన ఐదు షిల్లింగులూ ఇప్పుడు ఇతని చేతిలో ఉన్నాయి. అదీ ఆమెకి తెలుసు.

తలుపు దాకా వచ్చి, ఆ కింది సగానికి లోపలి గొళ్లెం పెట్టింది.

"లోపలికి వచ్చి చూడాలి మామ్మగారూ. బాగా తడిశాను. కాస్త వేడిగా టీ ఏమైనా..."

"అక్కణ్ణుంచే కనబడుతుంది బాబూ. చూడండి."

కనబడుతూనే ఉంది. బల్ల మీద గుడ్డ లేదు. అంచు విరిగిన మట్టి కప్పు ఒకటుంది. పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది. లావెల్ చూపు దాని మీద ఆగింది.

"అది అరువుది కాదు, నాదే," అంది ఆనర్. "రాసుకోండి."

అతను ఫారం తీశాడు. చినుకులు పడి కాగితం మీద సిరా అలుక్కుపోతోంది. ఆమె చెయ్యి గొళ్లెం మీంచి కదల్లేదు.