మేలుకొలుపుల అమ్మన్న

నాలుగో గదిలో కిటికీ పక్కనున్న ఇనుప మంచం కోడు మీద అమ్మన్న మెత్తగా తట్టాడు. తట్టినది చేత్తో కాదు, మూరెడు వెదురు కర్రతో. దాని కొసకు పాత బ్రేకు గొట్టం నుంచి కోసిన రబ్బరు ముక్క తొడిగి ఉంది. ఇనుముకు వెదురు తగిలితే గది మొత్తం లేస్తుంది. రబ్బరు తగిలితే లేవవలసినవాడొక్కడే లేస్తాడు. ఈ సూక్ష్మాన్ని కనిపెట్టినందుకు లోకం అతడికి ఏ బిరుదూ ఇవ్వలేదు. లేచినవాడు మాత్రం అలవాటు ప్రకారం ఒక బూతు బహూకరించాడు.

"కాల్ వచ్చింది సార్."

"వచ్చావా యేసయ్యా! నీ మొహం చూసి బండెక్కితే దారంతా ఎర్ర సిగ్నళ్ళే."

పైఊళ్ళ నుంచి రైళ్ళు తెచ్చిన లోకో పైలట్లు, మళ్ళీ డ్యూటీ పిలుపు వచ్చేదాకా పడుకునే ఆ భవనాన్ని రన్నింగ్ రూమంటారు. పట్టపగలు కూడా నల్లని తెరలు దించి, చీకటిని అక్కడ రాజలాంఛనాలతో పోషిస్తారు. ఆ రాజ్యానికి ఒకటే శాసనం: పడుకున్నవాణ్ణి ఎవరూ కదపరాదు. కదిపే అధికారం అమ్మన్న ఒక్కడిదే కనుక, తలారికి ప్రజల్లో ఎంత ఆదరణ ఉంటుందో అతడికీ అంతే ఉండేది.

పొట్టి మనిషి. చప్పుడు కాకుండా తిరిగి తిరిగి పాదాలు చెప్పులను మరిచాయి. ఒంటి మీది నీలం చొక్కా మరెవరి కొలతకో కుట్టినది. చీకటి గదుల్లో ఏళ్ళ తరబడి గుసగుసలాడిన గొంతుకు గట్టిగా పలకడమే చేతకాకుండా పోయింది.

రైలు పనికని తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చిన కుటుంబం అతడిది. ఒకప్పుడు ఆంధ్రా కాలనీ గుడిలో ధనుర్మాసపు వేకువన స్వామివారిని నిద్రలేపే పాట కూడా అమ్మన్నదే. భార్య అప్పలనర్సమ్మ పోయిన ఏడు, ఎవరో తీసుకువెళ్ళిన ప్రార్థన కూటంలో, ఎన్నడూ రెప్ప వాల్చని దేవుడొకడున్నాడని విన్నాడు. మనుషులను లేపి తిట్లు, దేవుణ్ణి లేపి ప్రసాదం తిని అలసిపోయినవాడికి, లేపనక్కరలేని ప్రభువు ఉన్నాడన్న కబురు మహాద్భుతంగా తోచింది. అంతకు మించిన వేదాంతం అతడికి అవసరం పడలేదు, బాప్తిస్మం పుచ్చుకున్నాడు. గుడి కమిటీ అధ్యక్షులు, రిటైర్డ్ గార్డు రమణమూర్తిగారు, ఒక సర్వీసు కాలమంతా ఎర్రజెండా ఊపిన హస్తాన్ని మరొక్కసారి ఎత్తారు. ఆనాటి నుంచి కాలనీలో అమ్మన్నకు పెళ్ళి పిలుపు లేదు, చావు కబురూ లేదు.

ఆ రోజు పొద్దుటినుంచి రొమ్ము మీద బియ్యం బస్తా పెట్టినట్టుంది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. ఆస్పత్రికి వెళ్ళాలి. వెళ్ళాలంటే తన చోట నిలబడేవాడు, రైల్వేవాళ్ళ మాటలో రిలీఫ్, ఒకడు కావాలి. రిలీఫ్ లేకుండా గేటు దాటితే ఉద్యోగం ఊడుతుంది. అది అలా ఉంచితే, ఆరో గదిలో పడుకున్న సీపత్ బొగ్గుబండి పైలట్‌ను లేపేదెవరు?

ముందు కాంట్రాక్టరు మనిషి రాజేంద్రను అడిగాడు. అతడు ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"ఛాతీలో నొప్పా? అచ్ఛా. గ్యాస్ హోగా. సోడా తాగు. క్రిస్మస్‌కి ఛుట్టీ తీసుకున్నావు కదా, నీ కోటా ఖతమ్."

తరువాత వంటింటికి వెళ్ళాడు. అక్కడ ఉల్లిపాయలు తరుగుతున్నవాడు శివాజీ, అప్పలనర్సమ్మ తమ్ముడు.

"ఒరే శివాజీ, ఒంట్లో బాగోలేదురా. సాయంత్రం దాకా ఈ కర్ర పట్టు."

"ఆ కర్ర ముట్టుకుంటే నాకూ మీ మతం అంటుకుంటాది బావా. మా అక్క దినం సెయ్యకండా సిలువేసుకుని తిరిగినోడివి, ఇప్పుడు నానెందుకు గుర్తొచ్చినాను? ఏటి, మీవోడు నిద్దరే పోడంట కదా! ఆయన్నే డ్యూటీకి రమ్మను."

వంటిల్లు నవ్వింది. అమ్మన్న కూడా కొంచెం నవ్వాడు. మాట బాగానే ఉంది మరి.

చివరకు నెహ్రూ నగర్‌లో కారున్న పాస్టరుగారికి ఫోన్ చేశాడు. ఆయన సీపత్ కూటానికి బయలుదేరుతున్నారు.

"బ్రదర్, మనుషుల మీద ఆధారపడకండి. దేవుని మీద ఆధారపడండి."

మనుషుల లెక్కలో తమను కూడా చేర్చుకున్న ఆ వినయం ప్రశంసనీయం.

అమ్మన్న గోడ పట్టుకుంటూ నాలుగో గదికి తిరిగివచ్చాడు. కిటికీ పక్క మంచం ఖాళీ అయింది. బండి నడిపే క్రూ పక్క మీద పనివాడు కూర్చోరాదు. కూర్చున్నాడు.

"ప్రభువా," అన్నాడు, పైలట్‌ను లేపే గొంతుతోనే. "అందర్నీ అడిగినాను. ఇంక నువ్వే రిలీఫ్. ఆరో గదిలో సీపత్ బండాయన. కర్ర ఇక్కడ పెడతన్నాను. రబ్బరు వైపుతో తట్టు, మిగతావోళ్ళు లెగిసిపోతారు."

కర్రను మంచం కోడుకు ఆనించాడు. పడుకుని దుప్పటి ముఖం దాకా లాక్కున్నాడు.

కాసేపటికి రాయగఢ్ బండి దిగిన అసిస్టెంటు పైలట్ హర్ష ఆ గదిలోకి వచ్చాడు. ముసుగు తన్నిన ఆకారాన్ని చూసి గుమ్మంలోనే బూట్లు విప్పాడు. మంచం మీద ఉన్నవారు పైలట్ కాక మరెవరవుతారు? వరండాలో రాజేంద్ర "అమ్మన్నా! కహాఁ మర్ గయా? ఎక్కడ చచ్చావు?" అని అరుస్తుంటే హర్ష బయటికి వచ్చి వేలు చూపించాడు.

"శ్! సార్ పడుకున్నారు. నిద్ర చెడితే కంప్లైంట్ చేస్తా, సమఝే?"

రాజేంద్ర మూసిన తలుపుకు క్షమాపణ చెప్పుకుని మునివేళ్ళ మీద వెనుదిరిగాడు. వంటింట్లో గిన్నెలు కూడా నెమ్మదించాయి. పుట్టి బుద్ధెరిగిన తరువాత అమ్మన్న నిద్రను లోకం గౌరవించడం అదే మొదటిసారి.

సీపత్ బండి వేళకు ఆరో గది పైలట్ సంచీ భుజాన వేసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏడయ్యా మీ యేసయ్య? కోడు మీద తట్టాడు, కళ్ళు తెరిచేసరికి లేడు. తిట్టడానికైనా చిక్కలేదు."

శరీరశాస్త్ర పండితులు ఇందుకు మూత్రకోశాన్ని కారణంగా చూపవచ్చు. వారితో వివాదం అనవసరం. శివాజీ మాత్రం అట్లకాడ దించి, గదులన్నీ వెతుకుతూ నాలుగో గదికి వచ్చాడు. దుప్పటి చివర రెండు పాదాలు బయటికి ఉన్నాయి. బూట్లు తొడిగే మనిషి అరికాళ్ళు అలా ఉండవు. ముట్టుకున్నాడు. అవి చల్లబడి చాలాసేపయింది.

"బావా, లెగు," అన్నాడు మెల్లగా. తరువాత గట్టిగా. తరువాత ఇంకా గట్టిగా. గదిలో అందరూ లేచి అతణ్ణి తిట్టారు.

రాజేంద్ర వచ్చి చూసి, "క్రూ బెడ్ మీద పడుకున్నాడా!" అన్నాడు.

వరండాలో బల్ల మీది ఫోను మోగింది. మరో బండికి కాల్. కర్ర వైపు ఎవరూ చెయ్యి చాపలేదు. మంచం కోడుకు ఆనుకుని వెదురు కర్ర నిలబడి ఉంది. పట్టుకునే చోట నునుపెక్కిన కణుపు మీద చెమట తడి ఇంకా ఆరలేదు.