కనకమహాలక్ష్మి స్పెయిన్ నాణేలు

గిరిప్రసాద్‌కు నాచారంలో రంగుల షాపు ఉంది. అతని భార్య కనకమహాలక్ష్మి ఉప్పల్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్కు. కాకినాడ నుంచి కాపురానికి వచ్చినప్పుడు చీరల మడతల్లో రెండు పాత స్పెయిన్ వెండి నాణేలు తెచ్చుకుంది. ఏళ్ల తరబడి వెతికి వాటిని ఐదు చేసింది.

మెక్సికోలో అచ్చయిన నాణేలవి. సముద్రపు అలల మీద రెండు స్తంభాలు, మధ్యలో రెండు భూగోళాలు, పైన కిరీటం. తెల్లవాళ్ల వర్తక కంపెనీల ఓడలు ఇలాంటి వెండిని పెట్టెలకొద్దీ మన తీరానికి తెచ్చి బట్టలు కొనుక్కుపోయాయనీ, ఇక్కడి టంకశాలల్లో చాలావాటిని కరిగించి రూపాయలు కొట్టారనీ ఆమె చెబుతుంటే గిరిప్రసాద్ ఊఁ కొడుతూ ఫోన్లో పెయింట్ల ఆర్డర్లు చూసుకునేవాడు.

పెళ్లిరోజు పొద్దున్నే అతను ఒక ఎర్ర డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మూత తీస్తే వెండి గొలుసు. దానికి వరసగా ఐదు నాణేలు, కొత్త గిన్నెల్లా తళతళలాడుతూ, ఒక్కోదానికీ ఒక కొండీ.

కనకమహాలక్ష్మి ఒక నాణేన్ని తిప్పి చూసింది. "ఇవి నా బీరువాలోవేనా?" అంది.

"నీవే. మసిపట్టి ఉంటే మెరుగు పెట్టించాను. ఎన్నాళ్లని కవర్లలో దాస్తావు? మెడలో వేసుకుంటే నలుగురూ చూస్తారు కదా."

ఆ నలుపు రెండున్నర వందల ఏళ్లకు పట్టిందనీ, దాన్ని వేలితో కూడా రుద్దకూడదనీ ఎన్నిసార్లు చెప్పానని ఆమె అడిగింది. చెప్పిన మాట అతనికి గుర్తుంది. కాకపోతే పనిమనిషి గిన్నెలు తోమే పీచుతో రుద్దకూడదని చెప్పిందనుకున్నాడట. ఆమె టిఫిన్ చేయకుండానే ఆఫీసుకు వెళ్లిపోయింది.

సాయంత్రం ఉప్పల్ సందులో ఆ దండ చేసిన ఉప్పలయ్య కొట్టుకు వెళ్లింది. మచిలీపట్నం నుంచి ఎంతో బతిమాలి తెచ్చుకున్న నాణేన్ని అతను తలకిందులుగా అతికాడు. అతుకు సరిగ్గా అచ్చయిన సంవత్సరం మీద పడి చివరి అంకె కనబడకుండా పోయింది. కొండీ తీసేయమంది.

"సారు మస్తు ముచ్చటపడి జేపిచ్చిండమ్మా. కొండీ దీస్త గని మచ్చ పోదు. గీకితె ఉన్న అచ్చు గూడ పోతది," అన్నాడు ఉప్పలయ్య.

అయినా తీయించింది. అంకె ఉన్నచోట నున్నటి గుంట మిగిలింది. ఉప్పలయ్య మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అతను చెప్పిన పని చేశాడు. మిగతా నాలుగింటి జోలికి పోవద్దని చెప్పి దండ సంచీలో వేసుకుంది.

ఇంట్లో చాలా రోజులు ఉప్పు, పప్పు మాటలే నడిచాయి. ఒక ఆదివారం గిరిప్రసాద్ బయటికి వెళ్లొచ్చి, ఉత్సాహం ఆపుకుంటూ ఒక నాణెం బల్ల మీద పెట్టాడు. ఆన్‌లైన్‌లో దొరికిన ఒకాయన ఉప్పల్ మెట్రో కింద చేతికిచ్చాడట. పాడైనదానికి బదులు. నల్లగానే ఉంది, మెరుగు పెట్టించలేదని కూడా చెప్పాడు.

నాణెం మీద మూడో కార్లోస్ రాజు ముఖం, కింద 1751.

"ఈ నాణేల మీద రాజు ముఖం వేయడం మొదలుపెట్టిందే 1772లో. 1751కి ఈ రాజు గద్దె కూడా ఎక్కలేదండీ," అని ఆమె ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి దగ్గర పెట్టింది. నాణెం టక్కున అంటుకుంది.

ఇనప ముక్క తెచ్చినందుకు తిట్టాలో, తెచ్చే ముందు ఒక్క మాట అడగనందుకు తిట్టాలో ఆమెకు తేలలేదు. గిరిప్రసాద్ ముఖం చిన్నబోయింది. అయస్కాంతం తీసి మళ్లీ పెట్టి చూశాడు.

"ముఖం తర్వాత వేశారు సరే. ముందు ఆ స్తంభాలెందుకు వేశారు?" అన్నాడు.

వెక్కిరిస్తున్నాడేమోనని ఆమె అతని వంక చూసింది. ఫోను చేతిలో లేదు. మచ్చపడిన నాణెం తెచ్చి చెప్పసాగింది. పడమటి సముద్రం దగ్గర ఆ రెండు స్తంభాలతో లోకం అయిపోతుందని పూర్వం అనుకునేవారట. స్పెయిన్ వాళ్లు దాటి వెళ్లాక, ఇంకా అవతల ఉందని వాటి మీద రాయించుకున్నారట.

"ఆ రాతేనా ఇది?" అని అతను బొటనవేలితో రుద్దబోయాడు.

"అంచు పట్టుకోండి."

అంచు పట్టుకున్నాడు. భూగోళాలు రెండెందుకని అడిగాడు. పాతలోకం, కొత్తలోకం అని ఆమె చెబుతుండగానే మళ్లీ బొటనవేలు నాణెం మీదికి వెళ్లింది. కనకమహాలక్ష్మి నాణెం లాక్కుని కవరులో పెట్టేసింది.

"పోనీ ఇంకోటి చూడనా? మంచివాడి దగ్గరే కొంటాను," అన్నాడు గిరిప్రసాద్.

"కొనేముందు నన్నడగండి. కొన్నాక కాదు," అని ఆమె అన్నం వడ్డించడానికి లేచింది. వెనకే వంటింట్లోకి వచ్చి, ఆ ఓడలు కాకినాడకు కూడా వచ్చేవా అని అడిగాడు.